సరిసంఖ్యలు ఎటు పోయాయి

పోయినవారం వదినను ఎర్ర గొడుగు కింద కూర్చోబెట్టి, చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారమంతా అలాగే కూర్చుంది. మధ్యలో వచ్చి చేరినవారికి నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళ్దాం.

ఆస్పత్రులకు ప్రోగ్రాములు రాసే ఆఫీసు అది. ల్యాబులో రక్తపరీక్ష పూర్తికాగానే దాని ఫలితం ఒక మెసేజ్‌గా బయల్దేరి, వార్డులో నర్సు ముందున్న తెరమీదకు చేరాలి. చేరకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఎవరు ఏ చిన్న మార్పు పంపినా బిల్డ్ సర్వర్ దాన్ని తీసుకుని, ప్రోగ్రామంతా కొత్తగా కట్టి, పది ఉత్తుత్తి ఫలితాలను పంపి చూస్తుంది. పదీ చేరితే గోడమీది పెద్ద తెర పచ్చబడుతుంది. ఒక్కటి తగ్గినా ఎర్రబడుతుంది. ఎరుపు తెచ్చినవారి కుర్చీకి ఎర్ర గొడుగు తగిలించడం ఆ ఆఫీసు ఆనవాయితీ.

వదిన కుర్చీకి ఆ గొడుగు తగిలించి మూడు వారాలైంది. ఆమె మార్పు పంపిన పదకొండుసార్లూ తెర ఎర్రబడింది. అదే కోడ్ ఆమె కంప్యూటర్లో నడిపితే ముద్దుగా పదికి పదీ చేరతాయి. ఆమె వెనకాలే పంపినవాళ్ళవి ఎర్రబడినా, ఆ పాపం ఆమె ఖాతాలోకే వెళ్ళింది. గంట ఆగి అదే బిల్డ్ మళ్ళీ నొక్కితే మాత్రం పచ్చబడుతుంది కాబట్టి, నొక్కేవాళ్ళు నొక్కి చేతులు దులుపుకున్నారు. వదిన చెయ్యి పడితే ఇంతే అని ఒక మాట పుట్టింది. అది పుట్టించినవాడు పక్కసీటాయన. మనిషి చెడ్డవాడు కాదు, నోరే ఆగదు.

ఆమెను వదిన అని మొదట పిలిచింది చిన్ని. ఆమె భర్తకు స్వయానా చెల్లెలు. బిల్డ్ సర్వర్ల తాళాలన్నీ ఆ అమ్మాయి చేతిలో ఉంటాయి కనుక ఆఫీసులో ఆమెను తాళాలమ్మ అంటారు. చిన్ని వదినా అని పిలవడం విని ఆఫీసంతా అదే పట్టుకుంది. మేనేజరమ్మ కూడా ఒకసారి మీటింగులో నోరుజారి వదిన అనేసి దగ్గింది.

తొమ్మిదేళ్ళు ఉద్యోగం వదిలేసి మంచంపట్టిన అత్తగారిని చూసుకున్న మనిషి వదిన. ఆవిడ పోయిన ఏడాదికి, ఇక ఇంట్లో ఉండొద్దు వదినా అని చిన్నే తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆరునెలల పరిశీలన అన్నారు. ఆ ఆరునెలలూ ఈరోజుతో సరి. మధ్యాహ్నం మూడింటికి మేనేజరమ్మ గదిలో తేల్చేస్తారు. ఉంటే ఉద్యోగం, లేకపోతే ఎర్ర గొడుగు జ్ఞాపకం.

ఇదీ సంగతి. ఇప్పుడు ఉదయం పదకొండైంది.

*

వదిన ముందున్న నోటుపుస్తకంలో నిలువుగా గీతలు గీసి ఉన్నాయి. అత్తగారికి ఏ మాత్ర ఎప్పుడు వేసిందీ, అది లోపల నిలిచిందీ లేనిదీ తొమ్మిదేళ్ళపాటు ఇలాంటి గీతల మధ్యే రాసుకుంది. ఇప్పుడు మాత్రల బదులు మెసేజ్‌ల నంబర్లు రాసింది, అంతే తేడా.

బిల్డ్ ఎర్రబడినప్పుడల్లా అందరూ చదివేది, జరిగిందంతా వరసగా రాసి ఉండే లాగ్‌లో ఆఖరి వాక్యం ఒక్కటే. ముప్పై సెకన్లలో మెసేజ్ అందలేదు అని ఉంటుంది. అందలేదంటే ఆలస్యమైందని అర్థం చేసుకుని, ముప్పైని అరవై చేశారు. అరవైని నూట ఇరవై చేశారు. పక్కసీటాయనైతే ఏకంగా పదినిమిషాలు చేసి టీ తాగి వచ్చాడు. ఎంతసేపు ఎదురుచూసినా రానిది రాలేదు. లాగ్ పైనుంచి కిందిదాకా చదవడానికి ఎవరికీ ఓపిక లేదు. వదినకు ఉంది. నిన్న సాయంత్రం కూర్చుని పది ఎర్ర బిల్డుల్లో చేరిన మెసేజ్‌ల నంబర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసింది.

ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది.

పదింటిలోనూ అంతే. పోయినవారం మనం ఆమెను వదిలింది ఈ వరస దగ్గరే.

రాత్రంతా ఆ వరస ఆమె తలలోనే తిరిగింది. పొద్దున్న ఇద్దరు పిల్లలకు టిఫిన్ పెడుతుంటే జవాబు దొరికింది. పెద్దదానికొకటి, చిన్నదానికొకటి వేస్తూ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. నిదానంగా నడిచే యంత్రమైతే ఏ మెసేజ్‌నైనా ఆలస్యం చేస్తుంది. సరిగ్గా ఒకటి విడిచి ఒకటి మాయమవుతున్నదంటే అది ఆలస్యం కాదు, పంపకం. మెసేజ్‌లు వరసకట్టి నిలబడే క్యూ అవతలి కొసన ఇద్దరు చేతులు చాపి కూర్చున్నారు. మెసేజ్ సర్వర్ మర్యాదగా వీళ్ళకొకటి, వాళ్ళకొకటి వేస్తోంది.

ఆ రెండో చెయ్యి ఎవరిదో చూడాలంటే తాళాలమ్మ దగ్గరికే వెళ్ళాలి.

*

చిన్ని గది ఆఫీసు చివర, మెట్ల పక్కన. కిటికీ లేదు. ఒక బల్ల, రెండు తెరలు, ఎప్పుడూ గుర్రుమంటూ ఉండే ఏసీ. బల్లమీద సగం తిన్న బిస్కట్ల పొట్లం. వదిన లోపలికి రాగానే చిన్ని లేచి తన కుర్చీ ఆమెకిచ్చి, తను స్టూలు లాక్కుంది.

"మూడింటికి కదా," అంది. మొహం చూడకుండానే.

"మూడింటికే. ఈలోపు ఒకటి చూపించు. మన క్యూకి ఎవరెవరు తగులుకుని ఉన్నారో లిస్టు ఉంటుందిగా, అది."

"ఆ లిస్టు నేనెప్పుడూ తెరవలేదు వదినా. అవసరం రాలేదు. అయినా ఇప్పుడేం కనపడుతుంది? బిల్డ్ నడుస్తుంటేనే కదా ఎవరైనా తగులుకునేది."

"నడుస్తోంది. పావుగంట కింద ఒక మార్పు పంపాను."

చిన్ని ఉలిక్కిపడింది. "ఏం మార్పు?"

"ప్రోగ్రాము పట్టించుకోని ఒక కామెంట్లో ఖాళీ ఒకటి ఎక్కువుంటే తీసేశాను."

"మీటింగు పెట్టుకుని ఎవరైనా... పన్నెండోసారి ఎర్రబడితే?"

"పదకొండు గొడుగులకీ పన్నెండు గొడుగులకీ తేడా ఏముంది చెప్పు. తడిసేదెలాగూ తడిశాను."

చిన్నికి నవ్వు రాలేదు. సర్వర్ తెర తెరిచి, ఎక్కడో లోపలున్న పట్టిక కోసం రెండు మూడు చోట్ల తప్పు నొక్కి, చివరికి పట్టుకుంది. అందులో రెండే వరసలు ఉన్నాయి. మొదటిదాని పక్కన అసలు బిల్డ్ పేరు ఉంది. రెండోదాని పక్కన ఉన్నది చిన్ని లాగిన్ పేరు.

వదిన ఆ రెండో వరస మీద వేలు పెట్టింది.

"ఇది నీ పేరు," అంది వదిన.

చిన్ని స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"నేను పంపే పదింట్లో ఐదు నువ్వు తీసుకుంటున్నావు. మూడు వారాల్నుంచీ."

"వదినా, ఒక్క నిమిషం..."

"నేనిక్కడ ఉండటం నీకిష్టం లేకపోతే ఇంట్లోనే చెప్పాల్సింది చిన్నీ. వంటింట్లో చెప్పినా వినేదాన్ని. దీనికింత తిప్పలెందుకు? రోజూ అందరిముందూ ఆ గొడుగు కింద కూర్చుంటే నువ్వూ చూస్తూనే ఉన్నావుగా. నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు."

గొంతు పెంచలేదు. వదిన ఎప్పుడూ గొంతు పెంచదు, అదే ఆమెతో చిక్కు. అరిచే మనిషైతే ఎదుటివాళ్ళకు కనీసం తిరిగి అరిచే సౌకర్యం ఉంటుంది. చిన్నికి ఆ అవకాశం కూడా లేక కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది.

"మొదటిసారి ఎర్రబడింది గుర్తుందా?" అంది.

"గుర్తుంది. అది నాదే తప్పు. ఒక ఫైలు చేర్చడం మర్చిపోయాను."

"ఆరోజు గొడుగు తగిలించారు కదా. నువ్వు నవ్వావు. అందరితోపాటూ నవ్వి, నీళ్ళసీసా తీసుకుని బయటికెళ్ళావు. నేను వెనకాలే వచ్చాను. మెట్లమీద కూర్చున్నావు. సీసా మూత కూడా తియ్యలేదు."

వదిన నోటుపుస్తకం మూసింది.

"ఆ మధ్యాహ్నమే, మార్పులన్నీ కట్టి చూసే అసలు బిల్డ్ జాబ్‌కి ఒక కాపీ చేశాను. ఎవరికీ కనపడకుండా నా పేరుమీద పెట్టుకున్నా. నువ్వు ఏది పంపినా ముందు నా కాపీలో నడుస్తుంది. అందులో ఎర్రబడితే అసలుదాన్ని ఆపేసి, నీకు మెల్లిగా చెబుదామనుకున్నా. పెద్ద తెరమీదకి రాకముందే. గొడుగు మళ్ళీ నీ దగ్గరికి రాకూడదని."

"మరి?"

"నా దాంట్లో ప్రతిసారీ పచ్చే వదినా. పదిసార్లూ పచ్చే. నేను హమ్మయ్య అనుకునేలోపు అసలుది ఎర్రబడేది."

వదిన నోటుపుస్తకం బల్లమీద పెట్టింది. కోపం ఎక్కడికీ పోలేదు గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. "నీ కాపీ పని అయిపోయాక ఆగిపోవాలి కదా. క్యూ దగ్గర ఇంకా ఎందుకు కూర్చుంది?"

చిన్ని కాపీ జాబ్ తెరిచింది. ఒక్కొక్క మెట్టూ చదువుతూ కిందికి వచ్చి, చివర ఆగిపోయింది. చివరి మెట్టు లేదు.

"ఆపే మెట్టు నేనే తీసేశాను," అంది మెల్లగా. "ఏదైనా ఎర్రబడితే తీరిగ్గా చూసుకోవచ్చని. గంట తర్వాత దానంతటదే ఆగేలా పెట్టాను."

గంట. వదిన నోటుపుస్తకంలో ఆ మాట కూడా ఉంది. గంట ఆగి నొక్కితే పచ్చ అని మూడుచోట్ల రాసి పెట్టుకుంది. తన వెనకాలే పంపినవాళ్ళవీ ఎందుకు ఎర్రబడ్డాయో, తన కంప్యూటర్లో మాత్రం పదికి పదీ ఎందుకు చేరుతున్నాయో ఒక్కసారిగా తేలిపోయింది. తన కంప్యూటర్లోని క్యూ దగ్గర రెండో చెయ్యి లేదు మరి.

"కాపీ చేసేటప్పుడు అన్నీ మార్చాను వదినా. జాబ్ పేరు మార్చాను, ఫోల్డరు మార్చాను, పోర్టు మార్చాను. క్యూ పేరు ఒక్కటి..."

"దాని లాగ్ తెరువు."

తెరిచింది. ఇద్దరూ తలలు ఆనించుకుని చూశారు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. మూడు వారాలుగా ఆఫీసంతా వెతుకుతున్న ఉత్తుత్తి రోగుల రక్తపరీక్షలు, ఏ గొడవా లేకుండా, చిన్ని గదిలో పడి ఉన్నాయి.

బయట ఎవరో ఊళవేశారు. పెద్ద తెర పన్నెండోసారి ఎర్రబడిందన్నమాట.

వదిన ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపులోకి తిరిగింది. చిన్ని కంగారుగా బిస్కట్ల పొట్లం కింద ఉన్న చేతిరుమాలు తీసి ఇస్తే, దాన్నిండా బిస్కట్ పొడే.

"నువ్వు నాకు సాయం చెయ్యకుండా ఉంటే," అంది వదిన మొహం తుడుచుకుంటూ, "నా ఉద్యోగం నిక్షేపంగా ఉండేది."

ఆ మాటలో దెప్పు ఉంది. ప్రేమా ఉంది. రెండింట్లో ఏది ఎక్కువో ఆ పూట ఆమెకే తెలియదు. తనను పంపించేద్దామని కాదు, కాచుకుందామని చేసిన పని ఇది. మెట్లమీద తాను మూత తియ్యకుండా కూర్చున్న సంగతి ఒక మనిషి చూసింది. అది ఆమెకు చాలా పెద్ద విషయంగా తోచింది.

*

ఒకసారి పచ్చబడితే నమ్మే మనిషి కాదు వదిన. కాపీని ఆపి అసలు బిల్డ్ నడిపించింది. పదికి పది, పచ్చ. మళ్ళీ కాపీని లేపి నడిపించింది. ఐదు, ఎరుపు. ఆపి, పచ్చ. లేపి, ఎరుపు. ఆపి, పచ్చ. బయట హాల్లో పెద్ద తెర ఇలా రంగులు మారుస్తుంటే జనం పని మానేసి చూస్తున్నారని పక్కసీటాయన తర్వాత చెప్పాడు. అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించేసరికి రెండున్నర అయింది. ఇద్దరూ భోజనం సంగతే మర్చిపోయారు.

"ఇప్పుడు దీన్ని తీసిపారెయ్యి," అంది వదిన. "ఎవరికీ చెప్పకు."

"అదేంటి?"

"అనుమతి లేకుండా జాబ్ కాపీ చెయ్యకూడదని రూలు రాసిందే నువ్వు. కింద సంతకం కూడా నీదే. వచ్చేనెల నిన్ను ఈ విభాగానికి పెద్దని చేస్తారని ఇంట్లో మీ అన్నయ్య ఎంతమందికి చెప్పుకున్నారో నీకు తెలీదు. నాదేముంది, తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉన్నదాన్ని, ఇంకో ఏడాది ఉంటాను."

"అంత తేలిగ్గా అనకు."

"తేలిక కాదు చిన్నీ." అంది వదిన. "ఈ కుర్చీ నాకు కావాలి. పొద్దున్న లేస్తే నాకంటూ వెళ్ళడానికొక చోటు ఉందని ఆరునెలల్నుంచి ఎంత హాయిగా ఉందో నీకెలా చెప్పను. కానీ అది నిన్ను లేపి కూర్చునేది కాకూడదు."

చిన్ని లేచి నిలబడింది. ఆరేళ్ళుగా ఆ బిల్డ్ సర్వర్‌ను చంటిపిల్లలా సాకిన పిల్ల. తన సర్వర్ తప్పు చెప్పదని ఎవరితోనైనా పందెం కాసేది. ఆ సర్వరే పదకొండుసార్లు తప్పు చెప్పింది, అదీ తన చేతిమీదుగా.

"మా అమ్మకి తొమ్మిదేళ్ళు చేశావు. ఒక్కరోజైనా నాకు చెయ్యి నెప్పిగా ఉంది అన్నావా? నేను వారానికోసారి వచ్చి, పండ్లు పెట్టి, అమ్మ నుదురు నిమిరి వెళ్ళిపోయేదాన్ని. నేను చెప్తాను వదినా. మీటింగులో నేనే చెప్తాను." అని ఆగింది. ఆ ఆగడం వదిన గమనించి ఉంటే బాగుండేది. "కానీ దానికంటే ముందు నీకు ఇంకొకటి చెప్పాలి. సోమవారం..."

తలుపు తోసుకుని పక్కసీటాయన తల పెట్టాడు. "ఇక్కడున్నారా? మేనేజరమ్మ పిలుస్తున్నారు వదినగారూ. పదినిమిషాలు ముందే." మాట అక్కడితో ఆపకుండా, "ఏం జరుగుతోందండీ, తెర ఒకటే ఎర్రగా పచ్చగా..." అంటుంటే చిన్ని అతన్ని దాటుకుని బయటికి నడిచింది.

వదిన వెనకాలే వచ్చింది. "సోమవారం ఏంటి?"

"తర్వాత," అంది చిన్ని. వదిన సీటు దగ్గర ఆగి, కుర్చీకి తగిలించిన ఎర్ర గొడుగును తీసి చంకలో పెట్టుకుంది. హాలంతా తలలెత్తి చూసింది. ఆ ఆఫీసులో గొడుగును తనంతట తాను తీసుకున్న మనిషి అంతకుముందు లేదు.

*

మేనేజరమ్మ మాట తక్కువ మనిషి. కళ్ళజోడు ముక్కు చివరిదాకా జారినా తోసుకోదు. గొడుగు బల్లమీద పెట్టి చిన్ని చెప్పింది మొదటినుంచి చివరిదాకా విన్నది. మధ్యలో రెండే ప్రశ్నలు వేసింది. కాపీ ఏ రోజు చేశావు అని ఒకటి. ఆస్పత్రుల్లో నడిచే అసలు సర్వర్లకు దీంతో ఏమైనా సంబంధం ఉందా అని రెండోది. లేదని చిన్ని చెప్పాక, వదిన నోటుపుస్తకం అడిగి తీసుకుని, ప్రతి పేజీ తిప్పి చూసింది.

"లాగ్ మొత్తం మీరే చదివారా?"

"అవునండీ."

"పదిమంది ఉన్నాం. ముప్పైని అరవై చెయ్యడం తప్ప ఎవరికీ ఇంకేం తోచలేదు," అంది మేనేజరమ్మ. ఆమె నోట మెచ్చుకోలు అంటే అదే. వదిన గుండె తేలికపడింది. పక్కనున్న చిన్ని చెయ్యి బల్లకింద పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"గొడుగు నీదే, ఉంచుకో," అంది మేనేజరమ్మ చిన్నితో. "రూలు సంగతి రేపు మాట్లాడదాం. ఆ ఎర్ర బిల్డులు మొదటిది తప్ప అన్నీ ఈవిడ పేరునుంచి తీసేస్తాను. అక్కడిదాకా ఇబ్బంది లేదు."

సొరుగు లాగి ఒక కాగితం తీసింది. వెంటనే ఇవ్వలేదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చిన్ని వైపు చూసింది.

"కానీ ఈవిడని వద్దనుకున్నది బిల్డులు చూసి కాదు. ఎర్ర బిల్డులు ఎవరికైనా వస్తాయి. దగ్గరగా చూసినవాళ్ళ అభిప్రాయం రాసిమ్మని సోమవారం అడిగాను. అది చదివాకే నిర్ణయించాను. ఈ కాగితం మామూలుగా ఎవరికీ చూపించను. ఇవాళ మీరిద్దరూ కలిసి వచ్చారు, చెయ్యి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. చూపించకుండా ఉండటం నాకు అన్యాయంగా ఉంది. ఇది రాసినవాళ్ళు ఇప్పటికీ ఈ మాటమీదే ఉన్నారా అన్నది నాకు తెలియాలి."

బల్లకింద చిన్ని చెయ్యి జారిపోయింది.

కాగితం వదిన ముందుకు వచ్చింది. చేతిరాత చూడగానే గుర్తుపట్టింది. అత్తగారి మాత్రల పుస్తకంలో, వారానికోసారి, పండ్లు పెట్టి వెళ్తున్నా వదినా అని రాసి వెళ్ళిన చేతిరాత. మూడే వాక్యాలున్నాయి.

"మా వదిన మనిషి బంగారం. ఈ పనికి మాత్రం పనికిరారు. ఈ మాట రాసింది నేనని ఆవిడకు ఎప్పటికీ తెలియనివ్వకండి."